తోటలో కొబ్బరి బొండం, తెర మీద పండగ సినిమా

కవిటి దగ్గరి ఊరి నుంచి మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందుగా చెబుతాను. మీకు 36 ఏళ్లు. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో పీజీ సీటు వచ్చినా, ఇంటి పరిస్థితుల వల్ల చేరలేకపోయారు. తమ్ముణ్ణి మాత్రం చదివించారు. అతను బెంగళూరులో స్థిరపడ్డాడు. మీరు ఊళ్లోనే ఉండి తోటను, చిన్న జెరాక్స్ దుకాణాన్ని చూసుకుంటూ, నాలుగేళ్లుగా నాన్నగారిని సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కు తీసుకెళ్తున్నారు. పెద్ద పండక్కి అందరూ వచ్చారు. కుటుంబమంతా పలాస వెళ్లి కొత్త సినిమా చూశారు. మర్నాటి రాత్రి మీ తమ్ముడు ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అనే పాత అమెరికన్ సినిమాను, అక్కడ క్రిస్మస్‌కు అందరూ చూసేది ఇదేనంటూ, ఇంట్లో టీవీలో పెట్టాడు. అందరూ కళ్లు తుడుచుకుని పడుకున్నారు, మీకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. “నేను లేకపోయినా ఏమీ మారేది కాదు కదా” అన్న ఆలోచన అప్పటి నుంచి వదలడం లేదని రాశారు. పండగ సినిమాలు చూస్తే దిగులు ఎందుకు ముంచుకొస్తుందో, మనిషి తన విలువను ఎలా తెలుసుకోవాలో చెప్పమన్నారు.

శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లకు పైగా మానసిక సలహాదారుగా పనిచేస్తున్నాను. ఆ అనుభవంతో మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఒక్క మాట అడగాలి. “నేను లేకపోయినా” అన్నప్పుడు మీ మనసులో చనిపోవాలన్న ఆలోచన ఏమైనా ఉందా? ఉంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, కానీ ఒంటరిగా మోయకూడదు. ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అలాంటి ఆలోచన లేకపోయినా, నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి తగ్గిపోయి రెండు వారాలు దాటితే మాత్రం మానసిక వైద్యుణ్ణి కలవాలి. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ఇక కింద రాసేదంతా, మీది జబ్బు స్థాయికి రాని దిగులు అనుకుని రాస్తున్నాను.

ఈ దిగులు సినిమాతో మొదలైంది కాదని నా అభిప్రాయం. జనవరి మూడో వారంలో నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇదే బాధతో వస్తారు, వాళ్లలో సినిమాకు వెళ్లనివాళ్లూ ఉంటారు. మన జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఒకరు వెళ్లినవాళ్లు, ఒకరు ఉండిపోయినవాళ్లు ఉంటారు. మామూలు రోజుల్లో ఎవరి బతుకు వారిది. భోగి నాటికి మాత్రం అందరూ ఒకే అరుగు మీద, ఒకే వరుసలో కూర్చుంటారు. ఎంత జీతం, ఏ కారు, పిల్లలు ఏ బడి అన్న ప్రశ్నలు ఆ వరుసలో తిరుగుతాయి. మనిషి తనను కొలుచుకోవడానికి కచ్చితమైన కొలబద్ద లేనప్పుడు, తనలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని కొలుచుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. ఊరి మోతుబరిని చూస్తే మీకేమీ అనిపించదు, ఒకే కంచంలో తిన్న తమ్ముణ్ణి చూస్తే అనిపిస్తుంది. అది అసూయ కాదు, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇలాంటి మూడు రోజుల మధ్యలోకి సినిమా వస్తుంది. మన సంక్రాంతి సినిమా అంటే నాకు ఇష్టమే. మూడు తరాలు ఒకే వరుసలో కూర్చుని నవ్వే చోటు మనకు ఇంకెక్కడా మిగలలేదు. కానీ ఆ కథల్లో ఒక అలవాటు ఉంది. కథానాయకుడు ఎక్కడి నుంచో ఊరికి వస్తాడు, విడిపోయిన కుటుంబాన్ని కలుపుతాడు, తాకట్టులో ఉన్న భూమిని విడిపిస్తాడు, అన్నీ ఒకే పండగలో జరిగిపోతాయి. ఊళ్లోనే ఉండి పాతికేళ్లు ఆ ఇంటిని కాచిన అన్నగారో బాబాయిగారో కూడా ఉంటారు. ఆయనకు రెండు సన్నివేశాలు, చివర్లో ఒక కన్నీటి చుక్క దక్కుతాయి. ఇది దర్శకుల తప్పు అనను. మీరు చేసే పని తెరకు లొంగేది కాదు. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 సార్లు. ఒక్కోసారి యంత్రం దగ్గర నాలుగేసి గంటలంటే 624 గంటలు. ఆ గంటలన్నీ ఒకేలా ఉంటాయి. రెండున్నర గంటల సినిమా వాటిని చూపించలేదు, చూపించినా ఎవరూ కూర్చోరు. అంతమాత్రాన ఆ గంటలకు విలువ లేదని కాదు, వాటిని చూపించే పద్ధతి సినిమా దగ్గర లేదు, అంతే.

మీ తమ్ముడు పెట్టిన సినిమా, నాకు తెలిసినంతలో, ఆ పద్ధతిని వెతికిన అరుదైన ప్రయత్నం. అది మిమ్మల్ని ఇంతగా కదిపింది కూడా అందుకేననుకుంటాను. అందులోని జార్జ్ బెయిలీ కథ దాదాపు మీ కథే. లోకమంతా తిరగాలని, పెద్ద పెద్ద కట్టడాలు కట్టాలని కలలు కన్నవాడు. తండ్రి పోవడంతో, మామూలు జనానికి ఇళ్ల కోసం అప్పులిచ్చే చిన్న సంస్థను నడపడానికి సొంత ఊళ్లోనే ఆగిపోతాడు. తన చదువుకు దాచుకున్న డబ్బుతో తమ్ముణ్ణి కాలేజీకి పంపుతాడు. తమ్ముడు యుద్ధంలో వీరుడిగా పతకం అందుకుంటాడు. క్రిస్మస్ ముందు రోజున సంస్థ డబ్బు 8,000 డాలర్లు పోతాయి, తప్పు తనది కాకపోయినా జైలు తప్పదనిపించి జార్జ్ వంతెన మీదికి వెళ్తాడు. అప్పుడు ఒక దేవదూత వచ్చి, అతను పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు.

మీరు ఆ చూపించే భాగాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. దేవదూత జార్జ్ గొప్పతనాన్ని చూపించడు, జరగకుండా ఆగిపోయిన వాటిని చూపిస్తాడు. చిన్నప్పుడు మంచులో మునిగిపోతున్న తమ్ముణ్ణి జార్జ్ లాగకపోతే ఆ తమ్ముడూ లేడు, అతను యుద్ధంలో కాపాడిన సైనికులూ లేరు. మందుల దుకాణంలో పనిచేసే కుర్రాడిగా ఉన్నప్పుడు, కొడుకు చనిపోయిన తంతి అందుకుని దుఃఖంలో ఉన్న యజమాని పొరపాటున మందు గుళికల్లో విషం నింపితే, జార్జ్ దాన్ని చేరవేయలేదు, చెంపదెబ్బలు తిన్నాడు. ఆ పూట అతను అక్కడ లేకపోతే ఒక బిడ్డ పోయేది, ఆ యజమాని జైలుకు వెళ్లేవాడు. ఊళ్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఏమీ జరగలేదు.

ఇప్పుడు మీరు రాసిన ఒక వాక్యం దగ్గరకు వస్తాను. భోగి రోజున మీ మావయ్యగారు తోటలో బొండాలు కొట్టి అందరికీ ఇస్తూ, మీ నాన్నగారి చేతికి కూడా ఒకటి ఇచ్చారు. మీరు గబుక్కున లాక్కున్నారు. “ఏటిరా, పండగ పూట కూడా మీ నాన్నకి గుక్కెడు నీళ్లు తాగనివ్వవా” అని మావయ్యగారు నలుగురిలో అన్నారు. తమ్ముడు తల దించుకున్నాడు, నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు, మీరు తోటలోంచి ఇంటికి వచ్చేశారు. ఇదంతా మీ మొరటుతనానికి ఉదాహరణగా రాశారు.

బాబూ, అది మందుల దుకాణం సన్నివేశమే. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పనిచేసే మూత్రపిండాలు అదనపు పొటాషియాన్ని బయటకు పంపేస్తాయి. మీ నాన్నగారివి పంపలేవు. రక్తంలో అది పేరుకుంటే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది, ఒక్కోసారి గుండె ఆగిపోతుంది. కళ్ల ముందంతా కొబ్బరి చెట్లే ఉండే ఉద్దానంలో, ఆ చెట్లను చేతులతో పెంచిన మనిషికి ఆ నీళ్లే ముప్పు కావడం కన్నా బాధ ఏముంటుంది? మీ మావయ్యగారికి ఆ సంగతి తెలియదు, ఆయనది ప్రేమే. తెలిసినవారు ఆ తోటలో మీరొక్కరే. ఆ బొండం నాన్నగారు తాగి, రాత్రికి ఒంట్లో తేడా వచ్చి, అంబులెన్సులో తీసుకెళ్లి, మీరు పక్కన ఉండి బతికించుకుని ఉంటే, ఈ పండక్కి మీరే కథానాయకులు. తాగనివ్వలేదు కాబట్టి ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదు కాబట్టి మొరటువారయ్యారు. ఇంటిని కాచేవాళ్లందరికీ జరిగేది ఇదే. వాళ్ల పని బాగా జరిగిందనడానికి గుర్తు ఏమిటంటే, అక్కడ చెప్పుకోవడానికి ఏమీ మిగలకపోవడం.

కాబట్టి “నేను లేకపోతే ఏమీ మారేది కాదు” అన్న మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. మీరు చేసినవాటిని మాత్రమే కూడి చూశారు. కూడితే మీది చిన్న లెక్కే. తీసివేతలో చూడాలి. దీని మీద ఒక పరిశోధన కూడా ఉంది. 2008లో మింక్యుంగ్ కూ, సారా ఆల్గో, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సినిమా పేరునే తమ వ్యాసానికి పెట్టుకుని ప్రచురించారు. తమ జీవితంలో జరిగిన ఒక మంచి సంగతి ఎలా జరిగిందో కొందరిని రాయమన్నారు, అది అసలు జరగకుండా ఎలా పోయి ఉండేదో మరికొందరిని రాయమన్నారు. జీవిత భాగస్వామితో పరిచయం గురించి కూడా ఇలాగే రాయించారు. జరగకపోయి ఉంటే అని రాసినవారి మనసే ఎక్కువ తేలికపడింది, తమ బంధం మీద తృప్తి కూడా వాళ్లకే పెరిగింది. విచిత్రమేమిటంటే, ఏది మేలు చేస్తుందని ముందుగా అడిగితే జనం దీన్ని ఊహించలేకపోయారు. రోజూ కళ్ల ముందున్న మంచికి మనసు అలవాటు పడిపోతుంది. అది లేకుండా పోయే దారులు తలచుకున్నప్పుడే మళ్లీ కొత్తగా కనబడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దయచేసి దీన్ని తేలికగా తీసుకోకండి. ఆ పరిశోధనలో తీసివేసి చూడమన్నది ఒక్కొక్క సంఘటనను. తనను తాను మొత్తంగా తీసివేసుకోమని కాదు. సినిమాలో దేవదూత పక్కన ఉండి జవాబు చూపించాడు కాబట్టి ఆ పెద్ద ప్రశ్న చెల్లింది. రాత్రి ఒంటిగంటకు, అలసిన మనసుతో, చీకట్లో పడుకుని “నేనే లేకపోతే?” అని అడిగితే, దిగులు ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తుంది. అందువల్ల ఆ ప్రశ్న మానేయండి. పగటిపూట, పుస్తకం ముందు పెట్టుకుని, “ఆ రోజు ఆ చోట నేను లేకపోయి ఉంటే?” అని అడగండి. రోజుకు ఒక్క సంఘటన చాలు. తేదీ, చోటు, మనుషులు ఉండాలి. ఉదాహరణకు, మీ వాక్యాల్లో మరొకటి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ తోటను నేలమట్టం చేసినప్పుడు, అందరూ ఇక తోట వదిలేయమన్నా మీరు నలభై కొబ్బరి మొక్కలు నాటారని, అవి ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయని రాశారు. ఆనాడు మీరు ఊళ్లో లేకపోయి ఉంటే, భోగి నాడు మావయ్యగారు కొట్టడానికి ఆ తోటలో బొండాలు ఉండేవా? ఇలా ఒక్కొక్కటి రాయండి. రెండు వారాలకు ఎన్ని పేజీలు అవుతాయో నాకు తెలుసు, ఎందుకంటే మీలాంటివారు రాసిన పుస్తకాలు చాలా చూశాను.

ఆ సినిమా చరిత్రలో కూడా మీకు పనికివచ్చే సంగతి ఉంది. దాని మూలకథ రాసిన ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ దాన్ని ఎవరికీ అమ్ముకోలేక, 1943లో 200 ప్రతులు సొంతంగా అచ్చు వేయించి స్నేహితులకు క్రిస్మస్ శుభాకాంక్షల కింద పంపాడు. దాని ఆధారంగా ఫ్రాంక్ కాప్రా తీసిన సినిమా 1946 డిసెంబరులో విడుదలై ఖర్చు కూడా రాబట్టలేకపోయింది. 1974లో దాని కాపీహక్కును పొడిగించుకోవడం మరిచిపోవడంతో, టీవీ కేంద్రాలు ఏటా క్రిస్మస్‌కు వేయడం మొదలుపెట్టాయి. అలా ముప్పై ఏళ్ల తర్వాత అది ఇంటింటి సినిమా అయింది. మన దగ్గర సంక్రాంతి సినిమా హిట్టో కాదో మూడు రోజుల వసూళ్లతో తేల్చేస్తారు, సినిమా వ్యాపారానికి ఆ లెక్క అవసరం కావచ్చు. పండక్కి వచ్చిన చుట్టాలు కూడా మనిషిని ఆ మూడు రోజుల్లోనే తూచి వెళ్తారు. మిగిలిన 362 రోజులు మీ ఇంట్లో ఏం జరుగుతుందో చూడనివారి తూకాన్ని మీరు మీ తూకంగా తీసుకోవలసిన పని లేదు.

అయితే ఆ సినిమా చెప్పిన జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించను. “ఇంతమందికి ఉపయోగపడ్డావు కాబట్టి నీ బతుకు విలువైనది” అన్నది దాని జవాబు. మరి ఉపయోగపడలేని రోజు వస్తే? తన విలువను ఒకే ఒక్క మేకుకు తగిలించుకున్న మనిషి, ఆ మేకు ఊడిన రోజున మొత్తంగా కింద పడతాడు. జెన్నిఫర్ క్రాకర్, కొనీ వోల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో రాసిన వ్యాసంలో ఈ సంగతినే వివరించారు: ఆత్మగౌరవాన్ని దేనికి ముడివేస్తామో, దానిలోని ఎత్తుపల్లాలన్నీ మన లోపలికి వస్తాయి. సంపాదనకు ముడివేస్తే ఎలా ఉంటుందో మీకు ఈ పండక్కి తెలిసింది. సేవకు ముడివేసినా ప్రమాదమే. రేపు నాన్నగారు లేని రోజు వస్తుంది. ఆనాడు “ఇక నేనెందుకు” అని నా ఎదుట కూర్చుని ఏడ్చిన కొడుకులను, కోడళ్లను చూశాను. కాబట్టి మరో వైపు నుంచి చూడమంటాను. మీ నాన్నగారు ఇప్పుడు సంపాదించడం లేదు, తోటకు గొప్పు తవ్వలేరు, మరొకరి సాయం లేకుండా డయాలసిస్‌కు వెళ్లలేరు. లోకం లెక్కలో ఆయన వల్ల ఉపయోగం లేదు. ఈ నాలుగేళ్లలో ఒక్క సోమవారమైనా, ఆయన విలువ తగ్గిపోయిందని మీకు అనిపించిందా? అనిపించలేదని మీ రాతలోనే తెలుస్తోంది. మరి ఏ తూకంతో మీరు ఆయన్ని తూస్తున్నారో, ఆ తూకంలో మీకు చోటు లేకపోవడం ఏమి న్యాయం?

ఇంకొక మాట. మీరు వదులుకున్న పీజీ సీటు నిజమైన నష్టం. దానికి త్యాగమని పేరు పెట్టి, దండ వేసి, మీ నోరు మూయించే చుట్టాలు ఉంటారు. మీరు కూడా ఆ మాట వెనక దాక్కోకండి. జార్జ్ బెయిలీ ఆ సినిమా చివర్లో కూడా లోకయాత్రకు వెళ్లడు. అతని డబ్బు కాజేసిన ధనవంతుడికి శిక్ష కూడా పడదు. పోయింది పోయిందనే ఆ కథ ఒప్పుకుంది, దాన్ని నేను ఎక్కువగా గౌరవించేది అందుకే. మీరు కూడా పోయినదాని గురించి బాధపడవచ్చు, అదే సమయంలో చేసినదాని గురించి తల ఎత్తుకుని నిలబడవచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. కానీ ఆ సినిమాలోలాగా ఊరంతా బుట్టతో డబ్బు తెచ్చి మీ ముందు పోసే రాత్రి కోసం మాత్రం ఎదురుచూడకండి. చాలా ఇళ్లలో అది రాదు. అడగవలసినది అడిగితేనే వస్తుంది.

అడగవలసింది మీ తమ్ముణ్ణి. అతను తల దించుకున్నాడని రాశారే, దాన్ని మీరు చిన్నచూపు అనుకున్నారు. బొండం ఎందుకు లాక్కున్నారో అతనికీ తెలియకపోయి ఉండవచ్చు, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఉండవచ్చు. నెలనెలా డబ్బు పంపుతున్నాడన్నారు. డబ్బుతో తీరనిది ఒకటుంది, నాన్నగారి జబ్బు గురించిన తెలివిడి అంతా మీ ఒక్కరి తలలోనే ఉంది. రేపు మీకు జ్వరం వస్తే ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఏ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉందో, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదని, డయాలసిస్‌కు ముందూ తర్వాతా బరువు ఎంతో, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లో, అరటిపండు ఎందుకు వద్దో మరో ఇద్దరికైనా తెలిసి తీరాలి. ఏడాదిలో కొన్ని వారాలు అతను వచ్చి ఈ పని చేయాలని, ఆ వారాల్లో మీరు ఎక్కడికైనా వెళ్లాలని సూటిగా చెప్పండి. నిష్ఠూరంగా వద్దు, తేదీలతో చెప్పండి. ఊరికే “నువ్వూ కాస్త చూసుకో” అంటే ఏదీ జరగదు.

అతను ఆదివారం రైలెక్కుతాడని రాశారు. ఈలోగా శుక్రవారం ఉంది. ఆ ఉదయం ఆటోలో నాన్నగారి పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టండి, మీరు బరువులు రాసుకునే ఆ పుస్తకం అతని చేతికి ఇవ్వండి. వీలైతే మావయ్యగారిని కూడా తీసుకెళ్లమనండి. బొండం సంగతి ఆయనకు అక్కడి నర్సమ్మ చెబుతుంది. ఆ నాలుగు గంటలు మీరు దుకాణం తెరవకండి, తోటకూ వెళ్లకండి. పడుకోండి.